ఓటు లేనివాళ్ల నోటి మాట

పోయిన వారం పండరి టీ హోటల్లో పదిమంది చూస్తుండగా లేచి నిలబడి ఒట్టు పెట్టుకున్నాడు. క్యాంపు సాంబమూర్తి పొలంలో ఉన్న తన నారు కుళ్లి ఎరువైపోయినా సరే, ఆ గట్టు ఎక్కనన్నాడు. సగం తాగిన చాయ్ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు. ఇంత రభస దేనికయ్యా అంటే, ఢిల్లీలో రాష్ట్రపతి ఎవరు కావాలన్నదానికి. ఆ ఎన్నికలో పండరికి ఓటు లేదు. సాంబమూర్తికీ లేదు. ఓటున్న ఎమ్మెల్యే హైదరాబాదులో హాయిగా ఉన్నాడు, ఓటు లేని వీళ్లిద్దరూ ఇక్కడ మాటల్లేకుండా కూర్చున్నారు.

ఒకరి నారు ఇంకొకరి పొలంలో ఎందుకుందని కొత్తగా చదివేవాళ్లు అడుగుతారు. పండరి పొలం కాలువ చివరన ఉంది. అక్కడికి నీళ్లు చేరేసరికి పైవాళ్లు నాట్లే మొదలుపెట్టేస్తారు. అప్పుడు నారు పోస్తే అదును దాటిపోతుంది. అందుకని చివరి పొలాలవాళ్లు, ముందుగా నీళ్లందే పై పొలాలవాళ్లను అడిగి, వాళ్ల మడిలో ఓ మూల నారు పోసుకుంటారు. పండరి తండ్రి, గోదావరి వైపు నుంచి వలస వచ్చి క్యాంపులో ఇల్లు కట్టుకున్న సాంబమూర్తి తండ్రి మడిలో పోసుకున్నాడు. పండరి సాంబమూర్తి మడిలో పోసుకుంటున్నాడు. కిరాయి లేదు, కాగితం లేదు, "బావా, ఈసారి ఏ మూలన పొయ్యమంటవ్?" అన్న ఒక్క మాటే ఉంది. ఇప్పుడా మాట కూడా పోయింది. నారు మాత్రం ఎవరి కోపంతోనూ పని లేకుండా ముదురుతోంది. ముదిరిన నారు నాటితే పిలక వెయ్యదు. పిలక వెయ్యకపోతే ఈ ఏడు ఆ ఇంట్లో గింజ లేదు.

పండరి భార్య సావిత్రమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్నే అన్నం వండి గిన్నె మీద మూత పెట్టి, చీర చెంగు నడుముకు బిగించి బయల్దేరింది.

"ఎక్కడికి?" అన్నాడు మంచంలోంచి పండరి.

"నారు పీకనీకి."

"నేను ఒట్టు పెట్టుకున్న."

"నువ్వు పెట్టుకున్నవ్. నేను పెట్టుకోలే."

పండరి లేచి కూర్చున్నాడు. కోప్పడతాడనే అనుకుంది. కానీ అతని ముఖంలో కోపం లేదు, భయం ఉంది. "సావిత్రీ, గాడికి పోకు. పోతే పో గని, గా వీడియో ముచ్చట మాత్రం తియ్యకు. నీకు దండం పెడత," అన్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆ మనిషి ఆమెకు దండం పెడతానన్నది అదే మొదలు. ఆమెకు వింతగానే తోచింది గానీ, మగవాడి పంతానికి ఇదో వేషం అనుకుని గడప దాటేసింది.

బాన్సువాడ బస్టాండు దగ్గర భిక్యా ఆటో నిండితే గానీ కదలదు. నాట్ల గుంపును నడిపే పెంటవ్వ అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది. నారు పీకడానికి ఇంకా నలుగురు ఆడవాళ్లను వెనకాల రమ్మని చెప్పి వచ్చింది. సావిత్రమ్మను చూడగానే భిక్యా ముఖం వెలిగిపోయింది.

"అక్కా! అన్న వీడియో మస్తు సార్లు చూసిన. 'గీయన రాష్ట్రపతైతే దేశం గూడ పండుకుంటది'. ఏం మాటన్నడక్కా! మా తండల పోరలందరు గదే అంటుండ్రు."

ఆటో అంతా నవ్వింది. సావిత్రమ్మ నవ్వలేదు.

నవ్వుకు కారణం ఉంది మరి. ఈసారి పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు డాక్టర్ సుబ్బరామయ్య. సూదుల డాక్టరు కాదు, వడ్ల డాక్టరు. కొత్త రకం వరి కనిపెట్టాడు. ఆ రకానికి పెట్టిన అసలు పేరు ఎవరికీ నోరు తిరగక అందరూ డాక్టరు వడ్లు అన్నారు. ఒక ఏడు ఇక్కడివాళ్లు ఆశపడి వేశారు. కంకి బాగానే వేసింది, కోతల ముందు గాలివానకు చాపలా పరుచుకుంది. రెండో ఆవిడ సుమతీబాయి, మహారాష్ట్రలో దెగ్లూరు అవతల చిన్న దవాఖానలో నర్సుగా పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషి. సరిహద్దు దగ్గరే కాబట్టి ఇటు పక్క ఆడవాళ్లు సగం మంది ఆవిడ చేతిలో పురుళ్లు పోసుకున్నవాళ్లే.

"నర్సమ్మనే కావాలె," అంది కూరగాయల గంప పట్టుకున్న ఆవిడ. "మా చెల్లెకు కాన్పు ఆమెనే చేసింది. కసురుతది గని చెయ్యి మంచిది."

"కసిరితె దేశం నడుస్తదా?" అన్నాడు యూరియా సంచి మీద కూర్చున్న ఆయన. "ఫారినోళ్లొస్తరు, ఇంగ్లీషుల మాట్లాడాలె. ఏం జేస్తది?"

"సూదేస్తది," అన్నాడు భిక్యా. మళ్లీ నవ్వులు.

పెంటవ్వ ఇంతసేపూ ఆకు వక్క నములుతూ ఆలోచిస్తోంది. "అయితే గీ ఎలక్షన్ల నాకు ఓటున్నదా?"

"లేదవ్వా. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఏస్తరు," అన్నాడు భిక్యా.

"మరి మన సంగీత నా మూతికాడ మైకెందుకు పెట్టింది? నేను నర్సమ్మకే అని గట్టిగ చెప్పిన. ఏసినట్టే అనుకున్న గదనే!"

అదీ సంగతి. ఇదే ఆటోలో సర్పంచ్ ఎన్నికలప్పుడు ఎక్కి చూడండి, ఒక్కరూ నోరు విప్పరు. ఎవరికి వేస్తావంటే "చూద్దాం తియ్" అంటారు. పక్కన కూర్చున్నవాడు ఏ పార్టీవాడో, మాటను ఎవరికి చేరవేస్తాడోనని భయం. ఓటు లేని ఎన్నిక వచ్చేసరికి మాత్రం అందరికీ ధైర్యం వచ్చింది. మనమేమన్నా ఎవరికి నష్టం అనుకున్నారు. నష్టం ఢిల్లీలో జరగలేదు, నిజమే. బాన్సువాడలో జరిగింది.

సంగీత సావిత్రమ్మ కూతురు. డిగ్రీ అయ్యాక బాన్సువాడలోనే ఒక యూట్యూబ్ న్యూస్ ఛానెల్‌లో చేరింది. "రాష్ట్రపతిగా ఎవరు కావాలి?" అంటూ సంతలో మైకు పట్టుకు తిరుగుతూ, ఎరువుల కోసం వచ్చిన సొంత తండ్రినే ఆపింది. సావిత్రమ్మ ఆ రోజు పక్కనే ఉంది. మొగుడు మాట్లాడిందంతా తన చెవులతో విన్నది కాబట్టి మళ్లీ ఫోన్‌లో చూడాలని ఆమెకు తోచనే లేదు. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. ఇంట్లో ఎవరైనా ఆ వీడియో పెడితే పండరి కసిరేవాడు. అందుకే ఆ వీడియో చూశాక మాటలు మానేసేంత కోపం సాంబమూర్తికి ఎందుకొచ్చిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

క్యాంపు దగ్గర ఆటో దిగి, ముందు నారుమడి వైపు నడిచింది. నారు ఎండిపోయి ఉంటుందనే భయపడింది. కానీ మడిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. తెల్లవారుజామునే ఎవరో తూము తెరిచి పెట్టారు. నారు పచ్చగా, కొసలు కాస్త ముదురు రంగు తిరిగి నిలబడి ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంత కోపంలోనూ నీళ్లు పెట్టిన మనిషితో తగవేంటి, రెండు మాటలతో తెగిపోతుంది అనుకుంది. పెంటవ్వను గట్టు మీద కూర్చోబెట్టి ఆయన ఇంటికి వెళ్లింది.

సాంబమూర్తి వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఆమెను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య సీతారావమ్మ పరుగున వచ్చి, "రా వదినా, రా," అని చేయి పట్టుకుంది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సావిత్రమ్మ తాగలేదు, గ్లాసు చేతిలోనే పట్టుకుంది.

"అన్నా, నారు పీకుదామని వచ్చిన."

"నీ నారు. నన్నడగడం దేనికి చెల్లెమ్మా?" అన్నాడు సాంబమూర్తి వీధి వైపు చూస్తూ. "మీ ఆయనే కదా ఈ గట్టు తొక్కనన్నాడు. నేను వద్దన్నానా?"

"ఆయన మొండోడు, నీకు ఎర్క లేదా? గా వడ్ల డాక్టరును ఏదో అన్నడని నువ్వు గింత మనసుల పెట్టుకుంటవా అన్నా? గాయన మీ గోదావరి దిక్కువాడైతే అయిండు గని, నీ చుట్టమా?"

సాంబమూర్తి ఇటు తిరిగాడు. "డాక్టరుగారిని అంటే నాకేంటమ్మా? ఆయన గెలిస్తే నాకేమన్నా పింఛను ఇస్తాడా? నా పేరెందుకు తీశాడు? ఆ విత్తనం నేనిచ్చానని, నేను ముంచానని సంతలో నిలబడి చెప్పాడే! ఆ ఏడు నా పొలం మాత్రం నిలబడిందా? నాదీ పడుకుంది కదా!"

"చెప్పిండు. ఎనక గా మాట గూడ చెప్పిండు గదన్నా!"

"ఏ మాట?"

సావిత్రమ్మకు నిజంగానే ఆశ్చర్యమేసింది. "అదేందన్నా గట్లంటవ్? పక్కన నేనున్న. 'గా ఏడు మా ఇంట్ల గింజ లేకుంటే సాంబమూర్తి బావ అడగకముందే వడ్ల బస్తాలు పంపిండు, తనకే తక్కువున్నా పంపిండు. ఇత్తనం తప్పైతే మనిషి తప్పుడోడా? గసుంటి మనిషి రాష్ట్రపతికి నిలబడితే నేను పోయి ఓటేసొస్త' అన్నడు. చుట్టున్నోళ్లు చప్పట్లు గూడ కొట్టిండ్రు. నువ్వు చూడలేదా?"

సీతారావమ్మ మొగుడి వంక చూసింది. ఆయన జేబులోంచి ఫోను తీశాడు. వీడియో పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

సావిత్రమ్మ ఆ వీడియో చూడటం అదే మొదటిసారి. పైన ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి. సీతారావమ్మే చదివి వినిపించింది: "క్యాంపు సాంబమూర్తి ఇచ్చిన విత్తనం, నిండా మునిగిన బాన్సువాడ రైతు." కింద పండరి ముఖం. ఎండకు కళ్లు చికిలించి మాట్లాడుతున్నాడు. "డాక్టరు వడ్లు ఏసిన ఏడు పంటంత పండుకున్నది. తెచ్చిచ్చింది మా క్యాంపు సాంబమూర్తే. గీయన రాష్ట్రపతైతే దేశం గూడ పండుకుంటది." ఫెళ్లున నవ్వుల చప్పుడు పెట్టారు. అంతే. తర్వాత సంగీత ముఖం వచ్చింది. "చూశారుగా, రైతు ఆవేదన," అని అంది. అయిపోయింది.

"ఇంకోసారి పెట్టన్నా," అంది సావిత్రమ్మ.

ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారీ అంతే ఉంది.

"కింద ఏం రాశారో కూడా చదవమంటావా?" అన్నాడు సాంబమూర్తి. "పొట్ట చేత పట్టుకొచ్చినోళ్లట. వచ్చినోళ్లు ముంచి పోతారట. మా నాన్న ఈ నేల మీద తుమ్మలు కొట్టి, చేతులు పుళ్లు పడితే పసుపు రాసుకుని మళ్లీ కొట్టాడు. నేను పుట్టిందే ఇక్కడ. మొన్న బస్టాండులో సోడా తాగుతుంటే ఎవడో కుర్రాడు 'ఇత్తనాల సాంబమూర్తి' అని కేకేశాడు. నేను సోడా అక్కడే పెట్టేసి వచ్చేశాను చెల్లెమ్మా. అప్పట్నుంచీ బాన్సువాడ వెళ్లలేదు."

సీతారావమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నారు వదినా," అంది.

సావిత్రమ్మ అక్కడే అరుగు మీద కూలబడింది. పండరి ఆ మాట అన్నాడు. తను విన్నది. అన్న మాట వీడియోలో లేదు. మాట దానంతటదే రాలిపోదు కదా! పట్టినవాళ్లే కోశారు. పట్టింది ఎవరు?

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. "నాకే గుర్తులేదేమో, అనలేదేమో అన్నా," అంటే చాలు, నిందంతా మొగుడి మీద ఉండిపోయేది, కూతురు బయటపడేది. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఎదురుగా ఆ పెద్దమనిషి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. పొద్దున తన నారుకు నీళ్లు పెట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

"కోసిండ్రన్నా," అంది.

"ఎవరు?"

"మైకు పట్టుకున్నోళ్లే."

"మన సంగీతా?" అన్నాడు సాంబమూర్తి. తిట్టినట్టు అనలేదు. నమ్మలేనట్టు అన్నాడు. ఆ పిల్ల చిన్నప్పుడు నారుమడికి వచ్చి ఈ ఇంట్లోనే అన్నం తిని, ఈ పడక్కుర్చీలోనే నిద్రపోయేది. "మన సంగీత నా మీద ఇలా చేసిందా? ఎందుకమ్మా? నేనేం చేశాను దానికి?"

సావిత్రమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు ఒలికి చీర తడిసింది.

సాంబమూర్తి లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు గట్టిపడింది. "సరే. అయితే విను. బాన్సువాడంతా సగం మాట విన్నది. మిగతా సగం కూడా బాన్సువాడంతా వినాలి. నీ కూతురు అదే మైకు పట్టుకుని, అదే ఛానెల్లో, 'మా నాన్న ఇంకో మాట అన్నాడు, నేను కోసేశాను' అని చెప్పాలి. అప్పుడు వచ్చి నారు పీక్కో. అప్పటిదాకా నా మడిలో చెయ్యి పెట్టొద్దు."

"ఏంటండీ ఆ మాట!" సీతారావమ్మ అడ్డం వచ్చింది. "నారు ముదిరిపోతోంది. ఆడమనిషి ఇంటికొచ్చి అడుగుతుంటే..."

"నాకు తెలుసు ముదురుతోందని. రోజూ నీళ్లు పెడుతున్నది నేనే," అని ఆయన లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

సావిత్రమ్మ గట్టు మీదికి వచ్చేసరికి పిలిచిన ఆడవాళ్లు నలుగురూ కూడా వచ్చి కూర్చున్నారు. "దిగమంటవా?" అంది పెంటవ్వ. సావిత్రమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. నాట్ల రోజుల్లో కూలీలు గట్టు మీద ఊరికే కూర్చోవడం అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. రేపు వీళ్లు ఇంకొకరి పొలంలో ఉంటారు, పిలిచినా రారు.

అప్పుడు మోగింది ఫోను. సంగీత.

"అమ్మా! ఎక్కడున్నవ్? నీకో ముచ్చట చెప్పాలె. నాన్న వీడియో ఉన్నది గద, గది హైదరాబాద్‌ల పెద్ద ఛానెల్ సారు చూసిండంట. నన్ను తీసుకుంటమని ఫోన్ చేసిండ్రమ్మా! వచ్చే మంగళవారమే రమ్మన్నరు. ఎలక్షన్ రిజల్ట్ రోజు లైవ్‌ల నిలబెడ్తరంట! అమ్మా, ఇంటున్నవా?"

ఇంటున్నది. ఆ గొంతులో ఎంత సంబరం! ఈ పిల్ల ఎండనక వాననక స్కూటీ మీద తిరిగింది. జీతం ఇవ్వని నెలల్లో కూడా ముఖం చిన్నబుచ్చుకోకుండా తిరిగింది. కన్నతల్లి కాబట్టి సావిత్రమ్మకు అవన్నీ తెలుసు. ఆ పిల్ల సంతోషాన్ని తన నోటితో తుంచాలా? ముందు మడిలో నారు, వెనక మూసిన తలుపు, చెవిలో కూతురు.

"మంచిగయింది బిడ్డా," అంది. "ఒక్క పని చెయ్యి. మైకు పట్టుకొని మన సాంబమూర్తి మామ పొలం కాడికి రా. గా దినం సంతల మీ నాయిన అన్న రెండో మాట నేను చెప్త. నువ్వు పట్టు."

ఈసారి సంగీతది ఇందాకటి గొంతు కాదు, చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చి తలుపు వెనకాల నిలబడినప్పటి గొంతు.

"నాన్న చెప్పిండా? ఎవలకు చెప్పనన్నడు గదమ్మా... నేను కాళ్లు పట్టుకుంటే, నీ పేరు బయటికి రానియ్య, తిడితే నన్నే తిట్టనీ అన్నడు గద!"

సావిత్రమ్మ కళ్లు మూసుకుంది. పండరిది పంతం కాదు. ఎదురుపడితే సాంబమూర్తి అడుగుతాడు. అడిగితే నిజమన్నా చెప్పాలి, అబద్ధమన్నా చెప్పాలి. రెండూ చేతగాక ఆ మనిషి ఏడాది పంటను వదిలేసుకున్నాడు. పదిమందిలో మొండివాడనిపించుకున్నాడు. పక్కన పడుకునే పెళ్లానికి కూడా చెప్పలేదు. పొద్దున ఆ దండం ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"మీ నాయిన చెప్పలే బిడ్డా," అంది. "ఇప్పుడు నువ్వే చెప్పినవ్."

"అమ్మా, గిప్పుడు గది పెడితే నన్ను ఎవరు నమ్ముతరు? హైదరాబాద్ పోయేది కూడా పోతది. ఒక్క వారం ఆగమ్మా, ఒక్క వారం!"

"నారు ఆగదు."

"అమ్మా..."

"ఇంకో మాట లేదు సంగీతా. గట్టు మీద ఆడోళ్లు కూసొని ఉన్నరు. పొద్దెక్కుతుంది. నువ్వు మైకు పట్టుకొని ఈడికొస్తవా, నన్ను బాన్సువాడ బస్టాండుకొచ్చి నిలబడి చెప్పమంటవా?"